సూక్ష్మకణముల లెక్కలును గణకయంత్రములును

లెక్క చేయుట వేఱు. చేసిన లెక్క సరియైనదని నిశ్చయించుకొనుట వేఱు. మొదటి పనిని యంత్రమునకు అప్పగింపవచ్చును. రెండవ పని మాత్రము మనుష్యుని మీదనే నిలుచును. ఈ సత్యము కణభౌతికశాస్త్రము యొక్క చరిత్రయందు మిక్కిలి స్పష్టముగ కానవచ్చుచున్నది. పరమాణువు కన్నను సూక్ష్మములైన కణముల నడవడిని గణించుటకై శాస్త్రజ్ఞులు 1963 వ సంవత్సరము మొదలుకొని గణకయంత్రములకు, అనగా కంప్యూటర్లకు, బీజగణితము నేర్పుచు వచ్చిరి. ఆ ప్రయత్నమున వారు పొందిన జయములను, వారికి తగిలిన దెబ్బలను విద్యార్థులు తెలిసికొనుట లాభకరమని తలచి, పై తరగతుల బాలబాలికలకు బోధపడు రీతిని ఈ వ్యాసమున వివరింపబూనితిని. బీజగణితమున కుండలీకరణములను విప్పుట యెఱిగినవారికి ఇందలి ముఖ్యవిషయములన్నియు అర్థము కాగలవు.

అంకెల లెక్కయు, అక్షరముల లెక్కయు

లెక్కలు రెండు విధములు. 37 ను 48 చే గుణించిన 1,776 వచ్చును. ఇది అంకెల లెక్క. (క + చ) ను (ట + త) చే గుణించినచో కట, కత, చట, చత యను నాలుగు పదములు వచ్చును. ఇది అక్షరముల లెక్క. అంకెల లెక్కలో ఎంత పెద్ద సంఖ్యలను గుణించినను తుదకు ఒక్క సంఖ్యయే మిగులును. అక్షరముల లెక్కలో నట్లు కాదు. గుణించినకొలది పదములు పెరుగుచునే యుండును. మూడేసి పదములు గల కుండలీకరణములు రెండింటిని గుణించిన 9 పదములు వచ్చును. మూడింటిని గుణించిన 27 వచ్చును. పదింటిని గుణించిన 59,049 వచ్చును. వీనిలో ఒక్క పదమునకు + గుర్తునకు బదులుగ − గుర్తు పడినను ఫలితమంతయు చెడును.

ఇట్టి లెక్కను చేతితో చేసినవారిలో ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడగు షార్ల్ దెలొనే ప్రసిద్ధుడు. చంద్రుని గమనమునకు అక్షరములతో సూత్రమును సాధింపబూని, ఆయన పది సంవత్సరములు లెక్కించెను. మఱి పది సంవత్సరములు దానిని సరిచూచెను. ఆ గ్రంథము 1860 లోను, 1867 లోను రెండు సంపుటములుగ వెలువడెను. నూరేండ్ల పిదప, 1970 లో, దెప్రీ, హెన్రార్డ్, రోమ్ అను మువ్వురు అమెరికాలో ఆ లెక్కనే గణకయంత్రముచే మరల చేయించిరి. యంత్రమునకు పట్టిన కాలము 20 గంటలు. దెలొనే గ్రంథమున బయటపడిన తప్పులు మూడు మాత్రమే. వానిలో రెండు మొదటి దానినుండి పుట్టినవే. ఇరువది యేండ్ల శ్రమలో దొర్లిన పొరపాటు ఒక్కటియే యనుట ఆ మహాశయుని యోపికకు తార్కాణము. అట్టి యోపిక గలవారు అరుదు. మఱియు కణభౌతికశాస్త్రము తన శిష్యులనుండి కోరిన శ్రమ చంద్రుని లెక్కను మించినదయ్యెను. అది యెట్లో చూతము.

ఎలక్ట్రాను యను చిన్న అయస్కాంతము

ఎలక్ట్రాను విద్యుదావేశము గల సూక్ష్మకణము. అది చిన్న అయస్కాంతమువలె కూడ వర్తించును. ఆ అయస్కాంతబలమును సూచించు సంఖ్య సరిగా 2 కావలెనని 1928 లో ఆంగ్లశాస్త్రజ్ఞుడగు పాల్ డిరాక్ యొక్క సమీకరణము తెలిపెను. 1947 లో అమెరికాలో పొలికార్ప్ కుష్, హెన్రీ ఫోలీ యనువారు దానిని కొలిచి, 2 కన్న రవంత యెక్కువగ నున్నదని కనుగొనిరి.

ఆ యెక్కువకు కారణమేమనగా, ఎలక్ట్రాను ఎన్నడును ఒంటరిగ నుండదు. అది కాంతికణమును వెలువరించి, తక్షణమే మరల గ్రహించుచుండును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటవలన దాని అయస్కాంతబలము కొంచెము మారును. పై సంఖ్యలో సగమును తీసికొందము. డిరాక్ చెప్పిన ప్రకారము అది 1 కావలెను. దానికి సుమారు 0.00116 చేర్చవలెనని జూలియన్ ష్వింగర్ గణించి 1948 లో ప్రచురించెను. కొలతయు దానితో సరిపోయెను.

ఆ దినములలోనే రిచర్డు ఫైన్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఇట్టి లెక్కలకు సులభమైన మార్గమును కనిపెట్టి, 1949 లో ప్రచురించెను. ఆయన ప్రతి సంఘటనకును ఒక చిన్న రేఖాచిత్రమును గీసెను. ఎలక్ట్రానునకు సూటిగీత, కాంతికణమునకు అలవంటి గీత, అవి కలిసికొనుచోట ఒక బిందువు. ప్రతి గీతకును, ప్రతి బిందువునకును ఒక్కొక్క గుణకము నియమింపబడియున్నది. చిత్రమును చూచి గుణకములను వరుసగ వ్రాసి, గుణించి, కుండలీకరణములను విప్పి, కలనగణితముచే తుది విలువను రాబట్టవలెను. సాధ్యమగు చిత్రములన్నింటి విలువలను కూడినచో జవాబు వచ్చును.

మార్గము సులభమే గాని, చిత్రముల సంఖ్యను చూడుడు. ఇచ్చిపుచ్చుకొనిన కాంతికణము ఒక్కటియే యైనచో చిత్రము 1. తరువాతి మెట్టున 7. మూడవ మెట్టున 72. నాలుగవ మెట్టున 891. అయిదవ మెట్టున 12,672. ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది జవాబు మఱింత సూక్ష్మమగును. పని మాత్రము అనేక రెట్లు పెరుగును.

రెండవ మెట్టునందలి 7 చిత్రములను రాబర్టు కార్ప్లస్, నార్మన్ క్రోల్ అను శాస్త్రజ్ఞులు చేతితో గణించి 1950 లో ఫలితమును ప్రకటించిరి. వారికి వచ్చిన గుణకము −2.973. తరువాత సిద్ధాంతమునకును కొలతకును భేదము గోచరింపగా, ఆండ్రే పీటర్మన్, చార్లెస్ సొమ్మర్‌ఫీల్డ్ అనువారు వేర్వేరుగ ఆ లెక్కను మరల చేసి, అసలు విలువ −0.328 అని 1957 లో తేల్చిరి. మొదటివారు సామాన్యులు కారు. ఆ విద్యలో ఆరితేరినవారు. అయినను ఫలితము తొమ్మిది రెట్లు అధికముగ వచ్చెను. ఏడు సంవత్సరములు ఆ తప్పు సంఖ్యయే గ్రంథముల కెక్కియుండెను. ఏడు చిత్రములకే యిట్లయినచో 72 చిత్రముల గతి యేమి? 891 చిత్రముల మాట చెప్పనేల?

గణకయంత్రమునకు బీజగణితము నేర్పుట

ఆ కాలపు గణకయంత్రములు సాధారణముగ అంకెల లెక్కకే వినియోగపడుచుండెను. అక్షరముల లెక్కను కూడ వానిచే చేయింపవచ్చునని తలచి పూనుకొన్నవారిలో హాలండు దేశీయుడగు మార్టినస్ వెల్ట్‌మన్ ముఖ్యుడు. ఆయన 1963 లో అమెరికాలోని స్టాన్‌ఫర్డునందు పని చేయుచు, విద్యుదావేశము గల బరువైన కణమొకటి కాంతితో వ్యవహరించు విధమును గణింపదలచెను. డబ్ల్యు కణమను పేరు గల యీ కణము 1983 లో గాని ప్రయోగమున కనబడలేదు. ఆ లెక్క నడుమ దశలలో సుమారు 50,000 పదములు వచ్చుచుండెను. చేతితో వ్రాసినచో వానిని తప్పులేకుండ తుదముట్టించుట దుస్సాధ్యము. కావున ఆ సంవత్సరము డిసెంబరు నాటికి ఐ.బి.ఎమ్. 7094 అను యంత్రము కొఱకు, అక్షరములను గుణించి, కూడి, రద్దుచేయు ఆదేశముల మాలను, అనగా ప్రోగ్రామును, ఆయన సిద్ధపఱచెను.

దానికి ఆయన స్ఖోన్‌స్ఖిప్ అని పేరిడెను. డచ్చి భాషలో 'శుభ్రమైన ఓడ' యని దాని యర్థము. చిందరవందరగ నున్నదానిని చక్కబెట్టుటకు ఆ నావికులు వాడు మాట. డచ్చివారు కానివారి నోరు తిరుగకుండుటకు కూడ ఆ పేరు పెట్టితినని ఆయన వేడుకగ చెప్పుచుండెడివాడు.

ఇంచుమించు ఆ కాలముననే మఱి యిద్దరు ఇదే దారిని నడచిరి. ఆస్ట్రేలియా దేశమునుండి స్టాన్‌ఫర్డునకు వచ్చిన ఆంథొని హెర్న్, లిస్ప్ అను యంత్రభాషను సృష్టించిన జాన్ మెకార్తి ప్రోత్సాహముచే రిడ్యూస్ అను ప్రోగ్రామును నిర్మించెను. అది 1968 నుండి ఇతరులకు లభ్యమయ్యెను. మైకేల్ లెవీన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు అష్మెదై యను ప్రోగ్రామును వ్రాసెను. ఈ మువ్వురును మొదట భౌతికశాస్త్రజ్ఞులు. తమ లెక్కలు తమ చేతికి లొంగకపోగా, పనిముట్లను తామే చేసికొనిరి.

ఈ పనిముట్టు శ్రమను తగ్గించుటయే గాక, సిద్ధాంతమునకు సాక్ష్యముగ కూడ నిలిచినది. అప్పటి కణసిద్ధాంతములలో లెక్కలు మాటిమాటికి అనంతమునకు దారితీయుచుండెను. ఆ అనంతములు ఒకదానితో నొకటి రద్దయి, అర్థవంతమైన సంఖ్యలు మిగులునని వెల్ట్‌మన్ శిష్యుడగు గెరార్డ్ టోఫ్టు 1971 లో చూపెను. గురువు వినినంతనే నమ్మలేదు. తన ప్రోగ్రాముచే సరిచూచి, నిజమని తెలిసిన పిదపనే అంగీకరించెను. ఈ కృషికి గురుశిష్యు లిరువురికిని 1999 లో నోబెల్ బహుమానము లభించెను. వెల్ట్‌మన్ 2021 జనవరిలో దివంగతుడయ్యెను.

వేయి జవాబు పత్రముల ఉపమానము

లెక్కలు నానాటికి పెద్దవై, పాత ప్రోగ్రాములకు మించిపోవుచుండగా, యోస్ వెర్మాసెరన్ అను మఱియొక డచ్చి శాస్త్రజ్ఞుడు ఆమ్‌స్టర్‌డాము నగరమునందలి నికెఫ్ అను పరిశోధనాలయమున, స్ఖోన్‌స్ఖిప్ మాదిరి ననుసరించి, 1984 లో క్రొత్త ప్రోగ్రామును వ్రాయనారంభించెను. అది 1989 లో వెలువడెను. దాని పేరు ఫారమ్. దాని కీలకమును ఒక ఉపమానముచే చెప్పెదను.

వార్షిక పరీక్షలో వచ్చిన వేయి జవాబు పత్రములను క్రమసంఖ్యల ప్రకారము పేర్పవలెననుకొందము. బల్లమీద నూఱు పత్రములకే చోటు గలదు. తెలివి గల ఉపాధ్యాయుడేమి చేయును? నూఱేసి పత్రములను తీసికొని, పేర్చి, కట్ట కట్టి అలమారులో నుంచును. పది కట్టలు సిద్ధమైన పిదప, ప్రతి కట్టయందలి పై పత్రమును మాత్రము చూచి, వానిలో చిన్న సంఖ్య గలదానిని తీసి క్రొత్త కట్టలో చేర్చుచు పోవును. కొంతసేపటికి పది కట్టలును ఒక్క పెద్ద కట్టయగును. ఇందులకు బల్ల పెద్దది కానక్కరలేదు.

ఫారమ్ చేయు పని యిట్టిదే. బల్ల యనగా యంత్రము యొక్క జ్ఞాపకస్థానము. అలమారు అనగా దానికి చేర్చిన డిస్కు. ఫారమ్ ఒక్కొక్క పదమును విడివిడిగ తీసికొని, మిగిలిన పదములతో నిమిత్తము లేకుండ, ఆదేశించిన మార్పు చేసి, తరువాత పదములన్నింటిని క్రమమున పేర్చును. పేర్చినప్పుడు ఒకే రూపము గల పదములు పక్కపక్కకు వచ్చును. +3కచ, −3కచ యనునవి పక్కపక్కన చేరినంతనే రెండును రద్దగును. అందుచేత యంత్రము యొక్క జ్ఞాపకస్థానమున పట్టని లెక్కలను కూడ ఫారమ్ సాధింపగలిగెను.

దీని ఫలమునకు ఒక్క దృష్టాంతము చాలును. పరమాణుకేంద్రమందలి కణములను బంధించు బలమైన శక్తి, కణములు దగ్గఱకు వచ్చినకొలది సన్నగిల్లునని 1973 లో గ్రాస్, విల్చెక్, పొలిట్జర్ అనువారు మొదటి మెట్టు లెక్కచే చూపిరి. రెండవ మెట్టు 1974 లోను, మూడవది 1980 లోను పూర్తియయ్యెను. నాలుగవ మెట్టును 1997 లో వాన్ రిట్‌బెర్గెన్, వెర్మాసెరన్, లారిన్ అనువారు ఫారమ్ సహాయముచే సాధించిరి. అందలి చిత్రములు సుమారు 50,000. వెల్ట్‌మన్ నాడు 50,000 పదములను చూచి యంత్రము నాశ్రయించెను. ముప్పదినాలుగేండ్ల పిదప పదములు గాక చిత్రములే 50,000 అయ్యెను.

చిత్రములను సయితము యంత్రమే గీయుట

చిత్రములు వేలకొలది యైనపుడు వానిని గీయుటలోనే ఒకటి రెండు విడిచిపోవుట సహజము. కావున ఆ పనిని కూడ యంత్రమునకు నేర్పిరి. 1990 లో జర్మనీలో ఫైన్ఆర్ట్స్, 1993 లో పోర్చుగల్ శాస్త్రజ్ఞుడగు నొగేరా వ్రాసిన క్యూగ్రాఫ్, 1994 లో అమెరికాలో స్టెల్జర్, లాంగ్ అనువారి మ్యాడ్‌గ్రాఫ్ వెలువడినవి. జపానులో గ్రేస్, మాస్కోలో కాంప్‌హెప్ అనునవి తయారయ్యెను. ఏ కణములు ఢీకొనునో, ఏ కణములు వెలువడునో తెలిపినచో, వీనిలో కొన్ని చిత్రములను గీసి యిచ్చును; కొన్ని మఱింత ముందుకు పోయి, లెక్కించుటకు కావలసిన ప్రోగ్రామును సయితము తామే వ్రాయును.

ఇంత శ్రమ యెందులకని ఎవరైన అడుగవచ్చును. జెనీవా నగరము చెంత సెర్న్ అను సంస్థవారు 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగమున ప్రోటాన్లను ఢీకొట్టించుచు, 2012 జూలై 4 వ తేదీన హిగ్స్ కణమని తరువాత రూఢియైన క్రొత్త కణమును కనుగొంటిమని ప్రకటించిరి. క్రొత్త కణము కనబడెనని చెప్పుటకు ముందుగ, ఆ కణము లేనిచో ఏమి కనబడవలసియుండునో నిశ్చయముగ తెలియవలెను. బస్తాలోని బియ్యపు తూకము సరిగా తెలిసినవానికే, అందులో ఎవరైన పిడికెడు కలిపినచో తెలియును. ఆ తూకమును తెలుపునది లెక్కయే.

తప్పు ఎక్కడ దాగియుండును?

ఇంతవరకు విన్నవారు, ఇక యంత్రము వచ్చినది గనుక తప్పులు తొలగిపోయినవని తలంతురు. అది నిజము కాదు. మ్యూవాన్ అను కణము ఎలక్ట్రానునకు అన్నవంటిది. దానికన్న సుమారు 207 రెట్లు బరువైనది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనాలయమువారు మ్యూవాన్ యొక్క అయస్కాంతబలమును సూక్ష్మముగ కొలిచి, 2001 ఫిబ్రవరిలో ఫలితమును ప్రకటించిరి. కొలతకును సిద్ధాంతమునకును గల భేదము, వాని అనిశ్చితికి 2.6 రెట్లుగ నుండెను. ఇంతవరకు ఎఱుగని కణములేవో ఇందు జోక్యము చేసికొనుచున్నవని పెక్కుమంది ఆశపడిరి.

ఆ సంవత్సరము నవంబరులో, ఫ్రాన్సు దేశమునందలి మార్సేయిలో క్నెష్ట్, నిఫెలర్ అనువారు సిద్ధాంతపు లెక్కలో ఒక భాగమును మఱియొక మార్గమున గణించిరి. పరిమాణము ఇంచుమించు అంతే వచ్చెను గాని, గుర్తు మాత్రము తారుమారయ్యెను. − ఉండవలసినదని లోకము నమ్మిన చోట + వచ్చెను. జపాను శాస్త్రజ్ఞులగు హయకవ, కినోషిత యనువారు తమ పాత లెక్కను ఆసాంతము వెదకి, డిసెంబరులో కారణమును బయటపెట్టిరి. వారు ఫారమ్‌చే లెక్కించియుండిరి. సాపేక్ష సిద్ధాంతమున కాలము యొక్క దిశకు, స్థలము యొక్క దిశలకు విరుద్ధమైన గుర్తు నిడుట ఆచారము. అట్టి ఆచారమున ఒక రాశిని దానిచేతనే గుణించి కూడినపుడు −24 రావలెను. ఫారమ్ మాత్రము ఏ ఆచారముతోను నిమిత్తము లేకుండ +24 గ తీసికొనును. అది ఆ ప్రోగ్రాము యొక్క నియమము. వాడినవారు ఆ నియమమును గమనింపలేదు. గుర్తును సవరించిన తోడనే కొలతకును సిద్ధాంతమునకును గల భేదము 2.6 రెట్లనుండి సుమారు 1.6 రెట్లకు తగ్గిపోయెను.

ఇందు మూడు సంగతులు గమనింపదగినవి. ఒకటి: యంత్రము తప్పు చేయలేదు. తన నియమమును అది తు.చ. తప్పక పాటించెను. రెండు: వేఱొక బృందమువారు చేసిన లెక్కలోను గుర్తు తప్పుగనే యుండెను. ఇద్దరి జవాబులు కలిసినంతమాత్రమున అవి సత్యమని నమ్మరాదు. మూడు: తప్పు తెలిసిన దినమున ఆ శాస్త్రజ్ఞులు దానిని దాచలేదు, ఇతరులపై నెట్టలేదు. తమ పేర్లతోనే లోకమునకు ప్రకటించిరి. శాస్త్రము యొక్క గౌరవము ఇట్టివారివలననే నిలుచుచున్నది.

యంత్రము పట్టిన తప్పు

తోయిచిరో కినోషిత ఎలక్ట్రాను లెక్కకు తన జీవితములో పెక్కు సంవత్సరములు ధారపోసెను. నాలుగవ మెట్టునందలి 891 చిత్రములలో ముఖ్యమైన భాగమునకు ప్రోగ్రాములను ఆయనయు, తోడివారును చేతితోనే వ్రాసి గణించియుండిరి. వచ్చిన గుణకము −1.7283. అయిదవ మెట్టునకు చేతితో వ్రాయుట అసాధ్యమగుటచే, ఆయనయు, అయోయమ, హయకవ, నియో యనువారును కలిసి, ప్రోగ్రాములను వ్రాయు ప్రోగ్రామును నిర్మించిరి. దానిని పరీక్షించుటకై ముందుగ నాలుగవ మెట్టునే మరల చేయించి, పాత విలువలతో చిత్రము వెంబడి చిత్రమును సరిపోల్చిరి. రెండు చిత్రములలో పాత లెక్క తప్పని తేలెను. 2007 లో సవరించిన గుణకము −1.9144. ఈమారు యంత్రమే మనుష్యుని తప్పును పట్టెను.

తరువాత 2012 లో అయిదవ మెట్టునందలి 12,672 చిత్రముల ఫలితమును వారు ప్రచురించిరి. 2017 లో ఇటలీ శాస్త్రజ్ఞుడగు స్టెఫానో లపోర్తా, వేఱొక పద్ధతిని, నాలుగవ మెట్టును 1,100 అంకెలవరకు సాధించెను. ఆ విలువ −1.9122 తో ఆరంభమగును. రెండు దారులు ఒకచోటికి చేరినవి. కినోషిత 2023 లో గతించెను.

అయిదవ మెట్టు కథ అంతటితో ముగియలేదు. 2019 లో సెర్గే వోల్కోవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు అందలి ఒక పెద్ద భాగమును ఒంటరిగ గణింపగా, జపానువారి విలువకును ఆయన విలువకును భేదము వచ్చెను. జపానువారు తమ లెక్కను 389 భాగములుగ విభజించి ఆయన లెక్కతో పోల్చిచూచిరి. ఏ యొక్క భాగమునను చెప్పుకొనదగిన భేదము లేదు. కాని ఒకే పోలిక గల 98 భాగములలోని చిన్న చిన్న భేదములు అటునిటు చెదరియుండక, ఒకదానికొకటి తోడై పెద్ద భేదమైనవి. ఆ 98 ని మఱింత శ్రద్ధతో మరల గణింపగా, 2024 నాటికి వివాదము తీరెను.

ఈ శ్రమకు ఫలమేమి? 2023 లో అమెరికాలో ఎలక్ట్రాను బలమును కొలిచినవారికి, డిరాక్ 1 అని చెప్పినచోట 1.00115965218059 వచ్చెను. సిద్ధాంతము చెప్పు విలువ దీనితో 11 దశాంశ స్థానములవరకు ఏకీభవించుచున్నది. మనుష్యుడు తలపోసిన సమీకరణము ప్రకృతితో ఇంత దగ్గఱగ సరిపోవుట మిక్కిలి అరుదు.

పనిముట్టును కాపాడుట

కఱ్ఱువంచి దున్నువాడెంత ముఖ్యుడో, కఱ్ఱు సాగగొట్టు కమ్మరియు అంత ముఖ్యుడు. కాని శాస్త్రలోకమున క్రొత్త ఫలితమును ప్రకటించువారికి దొరకు పేరు, ఉద్యోగము, పనిముట్టును బాగుచేయుచు కూర్చుండువారికి దొరకుట కష్టము. ఫారమ్ పెక్కు సంవత్సరములు ముఖ్యముగ ఒక్క వెర్మాసెరన్ మీదనే ఆధారపడియుండెను. దాని మూలపాఠము 2010 లో అందఱికిని తెఱవబడినను, లోతుగ నెఱిగినవారు కొలదిమందియే. ఆయన వృద్ధుడైన పిదప దీనిని ఎవరు నిలుపుదురను చింత 2022, 2023 సంవత్సరములలో శాస్త్రజ్ఞుల నడుమ బాహాటముగ చర్చింపబడెను. ఫారమ్‌ను నిలుపుటకు పూనుకొన్నవారు సమావేశమై ఆలోచించిరి. కావున పనిముట్లను కాపాడుటయు శాస్త్రసేవయే యని పెద్దలు గుర్తింపవలెను; అట్టి పనికి యువకులు వెనుదీయరాదు.

ముగింపు

విద్యార్థులారా! యంత్రము లెక్క చేయుచుండగా మేమేల నేర్వవలెనని మీలో కొందఱడుగుచుందురు. పైని చెప్పిన చరిత్రయే దానికి జవాబు. −24 కు బదులు +24 వచ్చెనని కనుగొన్నవారు ఆ రాశి యేమో, ఆ గుర్తు ఏల ఉండవలెనో ఎఱిగినవారు. ఎఱుగనివాని చేతిలో యంత్రము తప్పును సయితము వేగముగ చేయును. లెక్క ముగిసిన తరువాత వేఱొక దారిని సరిచూచుట, మెట్టు విడువక వ్రాయుట, వాడు పనిముట్టు యొక్క నియమములను ముందుగ చదువుట, తప్పు తెలిసినపుడు ఒప్పుకొనుట అను నాలుగు అలవాట్లును తరగతిగదిలో పలకమీదనే అలవడవలసినవి. వెల్ట్‌మన్, కినోషితలు పాటించినవి ఇవియే.

అభ్యాసము

1. (క + చ + ట) ను దానిచేతనే గుణించి, వచ్చినదానిని మరల (క + చ + ట) చే గుణింపుడు. సమానపదములను కలుపకముందు ఎన్ని పదములు? కలిపిన పిమ్మట ఎన్ని?

2. 1, 7, 72, 891, 12,672 అను వరుసలో ప్రతి సంఖ్యయు ముందుదానికి సుమారు ఎన్ని రెట్లు? ఆ రెట్లు పెరుగుచున్నవా, తరుగుచున్నవా?

3. తెల్లకాగితపు చీటీలు 60 తీసికొని, వానిపై ఇచ్చవచ్చిన సంఖ్యలు వ్రాసి, బల్లమీద ఒక్కమారు పది చీటీలకు మించి పఱుపకుండ, పైని చెప్పిన ఉపాధ్యాయుని పద్ధతిని క్రమమున పేర్చి చూడుడు.

4. మీరు ఈ వారము చేసిన లెక్కలలో ఒకదానిని ఎన్నుకొని, మొదట చేసిన పద్ధతికి భిన్నమైన పద్ధతిచే సరిచూడుడు. రెండు జవాబులు కలియనిచో, ఏ మెట్టున దారి తప్పెనో వ్రాయుడు.